ఆపిన గుండెను ఎలా కాపాడతారు?

"ఆపరేషన్‌లో గుండెను ఆపేస్తారట కదండీ! మళ్ళీ కొట్టుకుంటుందా?"

వాల్వు మార్చాలనో, గుండెలోని రంధ్రం మూయాలనో చెప్పినప్పుడు రోగి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు పైకి అడగరు. లోలోపల భయపడి, "పండుగ వెళ్ళాక వస్తాం", "కోతలు అయ్యాక చూద్దాం" అని ఇంటికి వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేసరికి గుండె మరింత నీరసించి ఉంటుంది. అందుకే ఈసారి ఈ ఒక్క ప్రశ్నకే వివరంగా జవాబు చెబుతున్నాం.

గుండెను ఎందుకు ఆపాలి?

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కదులుతూ, రక్తంతో నిండి ఉన్న గుండెను తెరిచి లోపల కుట్లు వేయడం సాధ్యం కాదు. అందుకని ఆ కొన్ని గంటలు గుండె పని, ఊపిరితిత్తుల పని హార్ట్ లంగ్ మెషీన్ చేస్తుంది. 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ ఈ యంత్రం సాయంతో 18 ఏళ్ళ అమ్మాయి గుండెలోని రంధ్రాన్ని విజయవంతంగా మూశారు. ఓపెన్ హార్ట్ సర్జరీకి అది పెద్ద మలుపు.

యంత్రం శరీరమంతటికీ రక్తం పంపుతుంది. మరి గుండెకు? ఇక్కడే చిక్కు. గుండె కండరానికి రక్తం తెచ్చే కరొనరీ ధమనులు బృహద్ధమని మొదట్లోనే పుడతాయి. గుండె లోపల రక్తం లేకుండా చేయాలంటే ఆ ధమనులకు కాస్త పైన బృహద్ధమనికి క్లాంపు వేయాలి. కాలువలో మరమ్మతు చేయడానికి చెరువు తూము మూసినట్టన్నమాట. తూము మూస్తే పని జరుగుతుంది కాని, ఆ కాలువ కింది పొలానికి నీళ్ళు అందవు. అలాగే మెదడుకు, మూత్రపిండాలకు యంత్రం నుంచి రక్తం అందుతూనే ఉంటుంది. గుండె కండరం ఒక్కటే పస్తు ఉంటుంది.

ఆకలి తగ్గించడమే ఉపాయం

తిండి అందనప్పుడు ఉన్న మార్గం ఆకలిని తగ్గించడం. కొట్టుకుంటున్న గుండెకు ప్రాణవాయువు ఎంతో కావాలి. అదే గుండెను ఖాళీ చేసి, మెత్తగా సడలిన స్థితిలో ఆపితే ఆ అవసరం సుమారు పదో వంతుకు పడిపోతుంది. చల్లబరిస్తే ఇంకా తగ్గుతుంది. అంటే గుండెను ఆపేది సర్జన్ సౌకర్యం కోసం మాత్రమే కాదు, గుండె కండరాన్ని కాపాడటానికి కూడా.

ఆపడానికి వాడే ముఖ్యమైన మందు పొటాషియం. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో ఉండే లవణమే అది. మన రక్తంలో ఎప్పుడూ కొద్ది మోతాదులో ఉంటుంది. అందుకు నాలుగైదు రెట్లు పొటాషియం ఉన్న ద్రవాన్ని కరొనరీ ధమనుల్లోకి పంపితే గుండె నిమిషం అటూ ఇటూగా ఆగిపోతుంది. ఈ పద్ధతిని కార్డియోప్లీజియా అంటారు.

ఇది ఒక్కరోజులో కుదిరిన పద్ధతి కాదు. 1955లో ఇంగ్లండులో డాక్టర్ మెల్‌రోజ్ పొటాషియంతో గుండెను ఆపవచ్చని చూపారు. అయితే అప్పటి మోతాదు చాలా ఎక్కువ. కండరం దెబ్బతింటున్నదని గమనించి చాలాకాలం దాన్ని పక్కన పెట్టారు. 1970లలో మోతాదు తగ్గించి, ఇతర లవణాలు కలిపి తిరిగి వాడుకలోకి తెచ్చారు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి ద్రావణం ఆ కాలానిదే. తర్వాత రోగి రక్తంలోనే ఈ మందు కలిపి పంపే పద్ధతి వచ్చింది. ఈనాడు వాడుతున్న పద్ధతుల వెనుక ఇన్నేళ్ళ పరిశీలన ఉంది.

థియేటర్‌లో ఏం జరుగుతుంది?

క్లాంపు వేయగానే చల్లని ద్రవాన్ని బృహద్ధమని మొదట్లోకి పంపుతారు. ధమనులు బాగా మూసుకుపోయినవారికి గుండె వెనుకనున్న సిర గుండా వెనక్కి కూడా పంపుతారు. చాలాచోట్ల గుండె చుట్టూ చల్లటి సెలైన్ కూడా పోస్తారు. మానిటర్‌పై ఇ.సి.జి. గీత తిన్నగా మారుతుంది. ఆ గీత చూసి అక్కడ ఎవరూ భయపడరు. అది రావాలనే చూస్తారు.

యంత్రాన్ని నడిపే పెర్‌ఫ్యూజనిస్టు గడియారం చూస్తూ నిమిషాలు లెక్కపెడుతుంటారు. మామూలు ద్రావణమైతే సుమారు 20 నిమిషాలకొకసారి తిరిగి ఇవ్వాలి. పిల్లల గుండెల కోసం తయారై, ఇప్పుడు పెద్దలకూ వాడుతున్న డెల్ నీడో ద్రావణం ఒక మోతాదు గంటసేపు, కొన్నిసార్లు అంతకు మించీ పనిచేస్తుంది.

పని పూర్తయ్యాక లోపలి గాలి తీసేసి, క్లాంపు విప్పుతారు. వెచ్చని రక్తం కండరంలోకి వచ్చి పొటాషియాన్ని కడిగివేస్తుంది. చాలాసార్లు గుండె తనంతట తానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి వణుకుతుంది, అప్పుడు చిన్న షాక్ ఇచ్చి దారిలో పెడతారు. పస్తున్న కండరానికి రక్తం తిరిగి అందే ఈ సమయంలోనూ దెబ్బ తగలవచ్చు. అందుకే గుండెకు తొందరగా పని అప్పగించరు. యంత్రం తోడుగా ఉండగానే దానికి కాస్త విశ్రాంతి ఇచ్చి, మెల్లమెల్లగా భారం మీద వేస్తారు.

ఇంకో మాట. అన్ని గుండె ఆపరేషన్లకూ గుండెను ఆపరు. బైపాస్ ఆపరేషన్లు చాలావరకు మన దేశంలో కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తున్నారు. మీకు ఏ పద్ధతి అనుకుంటున్నారో మీ సర్జన్‌ను తప్పక అడగండి.

మార్పిడి గుండెకు గడియారమే ప్రాణం

గుండె మార్పిడిలోనూ సూత్రం ఇదే. ప్రపంచంలో మొదటి మార్పిడిని 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ చేశారు. మన దేశంలో మొదటి విజయవంతమైన మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారే.

బ్రెయిన్ డెడ్ అయిన దాత గుండెను చల్లని ద్రవంతో ఆపి, బయటకు తీసి, చల్లని ద్రావణమున్న శుభ్రమైన సంచుల్లో ఒకదానిలో ఒకటిగా పెట్టి, ఐస్ పెట్టెలో ఉంచుతారు. ఐస్ నేరుగా తగలనివ్వరు. గడ్డకడితే కండరం పాడవుతుంది. మూత్రపిండం ఒక రోజు వరకూ ఆగగలదు. గుండె సుమారు 4 గంటలే ఆగుతుంది. ఆ 4 గంటల్లోనే ప్రయాణం, కుట్లు వేయడం అన్నీ ముగియాలి. అందుకే పోలీసులు దారి ఖాళీ చేయిస్తారు. హైదరాబాద్‌లో 2021 ఫిబ్రవరి 2న నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు ఒక గుండెను ప్రత్యేక మెట్రో రైలులో తీసుకెళ్ళారు. 2025 జనవరి 17న ఎల్.బి. నగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేర్చారు. బయటకు తీసిన గుండెకు వెచ్చని రక్తం అందిస్తూ, కొట్టుకుంటుండగానే తీసుకెళ్ళే యంత్రాలు కూడా కొన్ని దేశాల్లో వాడుకలోకి వచ్చాయి.

దాత కుటుంబాలకు ఒక మాట చెప్పాలి. ఈ 4 గంటల లెక్క దాత గుండెను ఆపినప్పుడే మొదలవుతుంది. మీరు ఆలోచించుకోవడానికి, ఇంటి పెద్దలతో మాట్లాడుకోవడానికి సమయం అడగవచ్చు. మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టకూడదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే

ఎంత జాగ్రత్తపడినా ఈ రక్షణ నూటికి నూరుపాళ్ళు కాదు. ఆపరేషన్ తర్వాత కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకు గుండె కండరం మొద్దుబారి ఉండవచ్చు. ఐ.సి.యు.లో గుండెకు బలమిచ్చే మందుల పంపులు, ఛాతీ నుంచి బయటకు వచ్చిన సన్నని పేసింగ్ వైర్లు చూసి కంగారుపడకండి. ఆ కాసేపు గుండెకు ఊతంగా వాటిని వాడుతుంటారు. క్లాంపు సమయం బాగా పెరిగినా, గుండె ముందే బలహీనంగా ఉన్నా ప్రమాదం ఎక్కువ.

ఈ చివరి మాటే మీరు గుర్తుంచుకోవలసింది. థియేటర్‌లో గుండెను కాపాడేది రెండు మూడు గంటలు. కారుతున్న వాల్వుతో ఏళ్ళ తరబడి అదనపు బరువు మోసి సాగిపోయిన కండరాన్ని ఏ ద్రావణమూ పూర్తిగా బాగుచేయలేదు. జాగ్రత్తగా ఆపిన గుండె కంటే, ఆపరేషన్ అవసరమని చెప్పాక ఏళ్ళ తరబడి ఆలస్యం చేసిన గుండెకే ముప్పు ఎక్కువ.

ఆపరేషన్ తేదీ వచ్చేలోగా మీరు చేయగలిగినవి:

• రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపవద్దు. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి.
• బీడీ, సిగరెట్, చుట్ట వెంటనే మానండి.
• షుగర్, రక్తహీనత ఉంటే ముందే సరిచేయించుకోండి.
• పుచ్చిపళ్ళు, చిగుళ్ళ చీము ఉంటే చెప్పండి. ముఖ్యంగా వాల్వు రోగులకు ఇది అవసరం.
• పడుకుంటే ఆయాసం, కాళ్ళ వాపు, ఛాతీ నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

భయం ఉంటే దాచుకోకండి. మీ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని రండి. కూర్చోబెట్టి మీకు అర్థమయ్యేదాకా చెప్పడం మా పనిలో భాగమే.