మనిషి సరే, పాస్ ఏది?

అమ్మకో నాన్నకో బదిలీ అయి ఫోర్ట్ విలియంకో, గార్డెన్ రీచ్ రైల్వే కాలనీకో వచ్చామనుకోండి. గేటు దగ్గర గార్డు మన మొహం చూడడు, పాస్ అడుగుతాడు. లినక్స్ కంప్యూటర్లలోనూ ఇలాంటి గార్డు ఉంది. దాని పేరు ఎస్‌ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ దీన్ని 2000లో విడుదల చేసింది. ప్రతి ఫైలుకూ, నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఒక లేబుల్ ఉంటుంది. లేబుళ్లు కుదిరితేనే లోపలికి రానిస్తుంది.

ఒక పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే చిన్న చిన్న కంప్యూటర్లను నడపవచ్చు. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. వాటిని నడిపించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్, 2009 నుంచి ఒక్కోదాని లేబుల్‌లో 0 నుంచి 1023 లోపు రెండు అంకెలు వేస్తోంది. అలాంటి జతలు 5,23,776 ఉన్నాయి (లెక్క వేసి చూడండి!). అందుకే ఒక మెషీన్ పక్కదాని డిస్కును తెరవలేదు.

లినక్స్‌లో పరికరాలు కూడా ఫైళ్లలాగే 'డెవ్' అనే ఫోల్డర్‌లో ఉంటాయి. చిక్కు ఇక్కడే వచ్చింది. లిబ్‌వర్ట్ ఒక పరికరానికి లేబుల్ పెడితే, పరికరాల బాగోగులు చూసే యూడెవ్ అనే మరో ప్రోగ్రాము వచ్చి దాన్ని మార్చేయగలదు. అందుకని 2017 జనవరిలో వచ్చిన లిబ్‌వర్ట్ 3.0.0లో ప్రతి వర్చువల్ మెషీన్‌కూ సొంత 'డెవ్' ఫోల్డర్ కట్టి, కావలసిన పరికరాల ఫైళ్లకు నకళ్లు అందులో పెట్టారు.

యజమాని పేరు, అనుమతులు అన్నీ నకలు చేశారు. లేబుల్ మాత్రం చేయలేదు. సరైనది ఎస్‌ఈలినక్స్ తనే పెడుతుందని అనుకున్నారు. అది పెట్టలేదు. నకళ్లన్నిటికీ 'తాత్కాలిక మెమరీలోని ఫైలు' అన్న లేబుల్ పడింది. దాంతో 'ర్యాండమ్' అనే పరికరం తెరుచుకోలేదు. రహస్య సంకేతాలకు కావలసిన ఊహకందని అంకెలు వచ్చేది దాన్నుంచే. మెషీన్ మొదలే కాలేదు. కనిపించిన సందేశం 'ర్యాండమ్ సమాచారం దొరకలేదు' అని మాత్రమే. అందులో లేబుల్ మాటే లేదు. నా దృష్టిలో అసలు కష్టం ఆ సందేశం నుంచి కారణం దాకా వెళ్లడమే.

మరమ్మతు చిన్నదే: అసలు ఫైలు లేబుల్ చదివి, నకలుకూ అదే పెట్టాలి.

ఫెడోరా ఉన్న కంప్యూటర్ దొరికితే 'ఎల్‌ఎస్' కమాండుకు మైనస్ గుర్తు, పెద్ద బడి 'జెడ్' తగిలించి లేబుళ్లు చూడండి. ఉబుంటులో మామూలుగా అంత వివరం రాదు; అక్కడి గార్డు యాప్‌ఆర్మర్.