ఆలుబిడ్డలకు వీసా

పెళ్ళిళ్ళ పేరయ్యలు వెనుకటి రోజులలో పిల్లవాడికి పొలమెంత, ఇల్లు ఎన్ని గదులది, అన్నదమ్ములెందరు అని విచారించేవారు. అమెరికా సంబంధాలు మొదలయినాక మొదటి ప్రశ్న మారిపోయింది. "అబ్బాయి ఏ వీసా మీద వున్నాడండీ?" అని అడగటం నేర్చారు. వినటానికి ఎబ్బెట్టుగా తోచినా, అలా అడిగేవారు తెలివితక్కువవారు కారు. పిల్ల కాపురానికి ఎన్నాళ్ళకు వెళుతుంది, వెళ్ళి అక్కడ ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు, రేపు బిడ్డలు ఎంతకాలం తల్లిదండ్రుల దగ్గర వుండవచ్చును - అంతా ఆ రెండు మూడు అక్షరాలలోనే వున్నది.

ఈ అక్షరాల సంగతి తెలియక 1990 దశకంలో చాలా కాపురాలు చిక్కున పడ్డాయి. గ్రీన్ కార్డు అంటే శాశ్వత నివాసానికి అనుమతి. హెచ్-1బి అంటే మూడేళ్ళు, పొడిగిస్తే ఆరేళ్ళు వుండనిచ్చే తాత్కాలిక ఉద్యోగ వీసా. ఆడపిల్ల తండ్రి ఎవరయినా గ్రీన్ కార్డు వరుణ్ణే కోరుకుంటాడు గదా! కాని చట్టంలో పెద్ద తిరకాసు వున్నది. తాత్కాలికంగా వున్నవాడు సెలవు పెట్టి వచ్చి, మూడుముళ్ళు వేసి, భార్యకు హెచ్-4 వీసా తీసుకుని కొద్ది వారాలలోనే వెంటబెట్టుకుని పోయేవాడు. శాశ్వతంగా వున్నవాడు మాత్రం, గ్రీన్ కార్డు చేతికి వచ్చిన తరువాత పెళ్ళిచేసుకుంటే, భార్య కోసం దరఖాస్తు పడేసి వరుసలో నిలబడవలసిందే. ఏటా ఇచ్చే సంఖ్యకు పరిమితి వున్నది కనుక ఆ వరుస ఏళ్ళ తరబడి సాగేది. అతడు ఆ దేశపు పౌరుడయితే తప్ప భార్యకు ఆ పరిమితి తొలగదు. మన పెద్దలు కొత్త దంపతులను ఆషాఢమాసం ఒక్క నెల విడదీసి వూరుకున్నారు. ఇదెక్కడి ఆషాఢమో పంచాంగాలలో కనబడదు. ఈ గోడు విని 2000 సంవత్సరం డిసెంబరులో 'వి' అనే కొత్త వీసా ఒకటి పెట్టారు గాని, అది అప్పటికే దరఖాస్తు పెట్టినవారికి, వారిలోనూ మూడేళ్ళు నిరీక్షించినవారికి మాత్రమే.

భార్యాబిడ్డల ప్రసక్తి వచ్చినచోట అమెరికా చట్టం ఒక మాట వాడుతుంది. తోడుగా వచ్చేవారు, లేదా తరువాత వచ్చి కలుసుకునేవారు అని దాని భావం. తెలుగు చెప్పుకునే వృత్తి కనుక నా దృష్టి ఆ మాట మీద నిలిచిపోయింది. మీ ఇంట్లో ఎవరెవరున్నారని మన పక్క అడిగితే అమ్మ, నాన్న, పెళ్ళికాని చెల్లెలు, ముసలి మేనత్త అని చెప్పుకుపోతారు. ఆ చట్టం లెక్కలో కుటుంబమంటే భార్య లేక భర్త, 21 ఏళ్ళు నిండని అవివాహిత సంతానం, అంతే. కన్న తల్లిదండ్రులు కూడా చుట్టాలే. సందర్శకుల వీసా మీద వచ్చి సాధారణంగా ఆరునెలలు వుండి పోవలసినవారే. కూతురి పురిటికి ఊరగాయ జాడీలతో విమానమెక్కే అమ్మమ్మలంతా ఈ కోవలోనివారు.

ఈ మాత్రపు కుటుంబాన్నయినా వెంట తీసుకుపోయే వీలు మనవారికి మొదటినుండీ వున్నది కాదు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారన్నది. మరుసటి యేడు, అర్హత లేనివారు వలస రానే రాకూడదని మరొక చట్టం చేశారు. విద్యార్థులకు మాత్రం కాస్త సందు మిగిలింది. ఆ రోజులలో అక్కడికి చేరినవాడే మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920 తరువాత బోస్టను వెళ్ళాడు. గర్భవతి అయిన భార్య శేషగిరి ఇక్కడే వుండిపోయింది. కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. ఫోలిక్ ఆమ్లం మొదలు ఆరియోమైసిన్ వరకు ఎందరినో బ్రతికించిన మందుల వెనుక వున్న ఆ మనిషి 1948లో న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూసేవరకు ఇల్లు చేరలేదు. అంతా చట్టం తప్పేనని అనలేము. చేతిలో డబ్బు లేకపోవటం, పరిశోధన మీది పిచ్చి, రెండూ వున్నాయి. అయినా, 1946లో భారతీయులకు పౌరసత్వపు అర్హత ఇచ్చినప్పుడు కూడా ఏడాదికి 100 మంది కోటా మాత్రమే విదిల్చారన్నది మరువరాదు. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛాప్రతిమ పాదాల చెంత లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టంతో గాని మన డాక్టర్లు, ఇంజనీర్లు సంసారాలతో సహా వెళ్ళే రోజు రాలేదు. 1990 చట్టం హెచ్-1బిని సృష్టించింది. ఆపైన కంప్యూటర్ల కాలం. తెలుగునాట వీధికొక కోచింగు సెంటరు.

వీసాకు వెళ్ళాలంటే ఒకప్పుడు మద్రాసు రైలెక్కవలసి వచ్చేది. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెసులో అమెరికా కాన్సలేటు తెరిచారు. 2023లో అది నానక్‌రాంగూడకు మారింది. దగ్గరలోనే చిలుకూరు బాలాజీ కూడా వున్నాడు. మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణాలు, వీసా వచ్చాక నూటయెనిమిది.

దేవుడికి ప్రదక్షిణాలు చాలును గాని, కాన్సలేటుకు కాగితాలు కావాలి. అగ్నిసాక్షిగా ఏడడుగులు నడిస్తే మన శాస్త్రానికీ, 1955 హిందూ వివాహ చట్టానికీ కూడా పెళ్ళి అయినట్లే. అయినా రిజిస్ట్రారు సంతకం, సీలు వున్న సర్టిఫికెట్టు లేకుండా పని జరగదు. 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. శుభలేఖ, జీలకర్ర బెల్లం నాటి ఫోటోలు, తలంబ్రాల ఫోటోలు మూటగట్టుకుని వెళ్ళినవారిని నేనెరుగుదును. ఇద్దరూ నిజంగా దంపతులా, వీసా కోసం వేసిన వేషమా అన్నది అక్కడి అధికారి తేల్చుకోవలసిన విషయం. అందులో ఆయన్ను తప్పుపట్టటానికి లేదు. అటువంటి వేషాలూ జరగకపోలేదు.

పేరుతో వచ్చే చిక్కు మాత్రం అచ్చంగా మన స్వయంకృతం. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలామందికి ఒక పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమెరికావారు వున్న పేరంతా ఆ గడిలో నింపి, సొంత పేరు చోట 'ఎఫ్.ఎన్.యు.' అని అచ్చు వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పరచి తండ్రి వేలితో రాసిన పేరు 'తెలియదు' అయి కూర్చుంటుంది. ఆస్పత్రిలోనూ, బ్యాంకులోనూ "ఫ్నూ!" అని పిలిస్తే లేచి వెళ్ళే లక్ష్ములు, సరస్వతులు ఆ దేశంలో చాలామందే వున్నారు. అందుకే మా కాలేజీలో ఆడపిల్లలు సర్టిఫికెట్ల కోసం దరఖాస్తులు రాసేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయమని పోరుతూ వుంటాను.

ఇక వెళ్ళిన తరువాతి సంగతి. హెచ్-4 మీద వున్న ఇల్లాలు చదువుకోవచ్చు, సంపాదించరాదు. ఇక్కడ ఎం.టెక్. చదివి, నాలుగేళ్ళు ఉద్యోగం చేసిన పిల్ల అక్కడ భర్త ఆఫీసుకు వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుంటుంది. అదే కంపెనీ బదిలీ మీద వెళ్ళే ఎల్-1 ఉద్యోగి భార్యకు 2002 నుండే ఉద్యోగార్హత వున్నది. ఈ తేడాకు నాకు తెలిసినంతలో హేతువేమీ కనబడదు. చివరకు 2015 మే 26 నుండి కొందరు హెచ్-4 వారికి కూడా పని అనుమతి ఇచ్చారు. కొందరికి అన్నాను, భర్త గ్రీన్ కార్డు వ్యవహారం ఒక మెట్టు దాటి వుండాలి. దాని మీద వెంటనే కోర్టులో దావా పడింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ అనుమతిని నిలబెట్టేదాకా ఆ ఉద్యోగాలన్నీ దినదినగండమే. ఊపిరి పీల్చుకునేలోగా 2025 అక్టోబరు చివర మరొక నియమం వచ్చింది. అనుమతి గడువు తీరేలోగా కొత్త కార్డు రాకపోతే, ఇదివరకటిలా తనంతట తాను పొడిగింపు జరగదు. కార్డు వచ్చేవరకు ఉద్యోగం ఆపుకోవలసిందే. ఆ డిసెంబరు 15 నుండి హెచ్-4 వారు కూడా తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా తెరిచి వుంచాలన్నారు. ఆ పరిశీలన కోసం ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదాపడి, చెల్లెలి పెళ్ళికని వచ్చినవారు ఇక్కడా, భర్తలు అక్కడా చిక్కుకున్నారు.

ఉద్యోగం మాట అలా వుంచండి. ఈ వీసాకు వేరే కాళ్ళు లేవు. భర్త వీసా మీద నిలబడి వుంటుంది. విడాకులయితే పోతుంది. అతడు పోతే పోతుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేథ్ పట్టణంలో హైదరాబాదు యువకుడు శ్రీనివాస్ కూచిభొట్లను, మీ దేశానికి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. భార్య సునయన దుమాల అంత్యక్రియలకు హైదరాబాదు వచ్చింది. భర్తతోపాటు ఆమెకు ఆ దేశంలో వుండే హక్కు కూడా చితి మీదనే కాలిపోయింది. అక్కడి కాంగ్రెసు సభ్యుడొకరు పూనుకుంటే గాని ఆమె తన ఇంటికి తిరిగి వెళ్ళలేకపోయింది. పత్రికలలో కెక్కిన విషాదం కనుక ఒకరు పూనుకున్నారు. ఏ గుండెజబ్బుతోనో, కారు ప్రమాదంలోనో భర్త పోయిన ఇల్లాలి కోసం ఎవరు పూనుకుంటారు? కొట్టే భర్త దగ్గర ఆమె ఎందుకు వుండిపోతుందో కూడా ఇందులోనే అర్థమవుతుంది. అటువంటివారికి విడిగా పని అనుమతి ఇవ్వవచ్చునని 2005 నాటి చట్టంలో వున్నది. దానికి దరఖాస్తు ఫారం 2017లో గాని రాలేదు.

పిల్లల సంగతి ఇంతకంటే సున్నితం. ఉద్యోగం మూలంగా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించరాదు. ఐస్‌లాండుకూ అదే 7, ఇండియాకూ అదే 7. పైగా ఆ సంఖ్యలోనే భార్యాబిడ్డలూ లెక్కకు వస్తారు. నలుగురున్న ఇల్లు నాలుగు కార్డులు తింటుంది. దీని ఫలితం చూడండి. 2025 అక్టోబరులో ఇండియావారి రెండవ, మూడవ తరగతుల వరుస ఇంకా 2013లో దరఖాస్తు పడినవారి దగ్గర వున్నది. ఆనాడు తొమ్మిదేళ్ళున్న పిల్లకు ఈలోగా 21 వచ్చేశాయి. 21 నిండిన బిడ్డ ఆ చట్టం దృష్టిలో బిడ్డ కాదు. ఒకే ఇంట్లో అక్క గుంటూరులో పుట్టింది, తమ్ముడు డల్లాసులో పుట్టి పౌరుడయ్యాడు. ఒకే బడి, ఒకే యాస. పుట్టినరోజునాడు అక్క మాత్రం పరాయిదవుతుంది.

2002లో ఈ వయస్సు సమస్యకు ఒక చట్టం చేశారు. దరఖాస్తు పరిశీలనకు పట్టిన రోజులను బిడ్డ వయస్సులో నుండి తీసివేస్తారు. వరుసలో నిలబడిన ఏళ్ళను మాత్రం తీసివేయరు! మనవారికి పరిశీలన నెలల్లో తేలుతుంది, వరుస ఏళ్ళు పడుతుంది.

అప్పుడు ఆ పిల్లకు మిగిలేది విద్యార్థి వీసా. నాలుగేళ్ళ వయస్సునుండి పెరిగిన ఊళ్ళోని విశ్వవిద్యాలయంలోనే ఆమె అంతర్జాతీయ విద్యార్థిని; చాలాచోట్ల ఫీజు కూడా ఆ లెక్కనే కట్టాలి. చదువు కాగానే స్వదేశానికి తిరిగి వెళతానని ఆమె నమ్మించాలి. ఆ స్వదేశంలో ఆమెకు తెలిసినది వేసవి సెలవులలో చూసిన తాతగారి ఇల్లు, ఆ వీధి చివరి గుడి. ఇటువంటి పిల్లలను అక్కడే వుండనివ్వాలని 2021లోనూ, 2023లోనూ అమెరికా కాంగ్రెసులో బిల్లు పెట్టారు. రెండు పార్టీలవారూ సంతకాలు చేశారు. అది 2025 ముగిసేనాటికి కూడా చట్టం కాలేదు.