దుబాయ్‌లో కారు నడపబోతున్నారా? ముందు ఫోన్‌ని ఇలా రెడీ చేసుకోండి

హైదరాబాద్‌లో మ్యాప్స్ తప్పు దారి చూపిస్తే పెద్ద నష్టమేం ఉండదు. అద్దం దించి "అన్నా, కొండాపూర్ ఎటు?" అని ఆటో అన్నని అడిగేస్తాం, లేదా ముందున్న యూటర్న్‌లో తిరిగి వచ్చేస్తాం. దుబాయ్‌లో షేక్ జాయెద్ రోడ్డు ఎక్కాక ఈ రెండూ కుదరవు. ఒక్కో వైపు ఐదారు లేన్లు, పక్క బండి వంద దాటి పోతుంటుంది, అడగడానికి మనిషే కనిపించడు. ఎగ్జిట్ ఒక్కటి మిస్సయితే తిరిగి రావడానికి కొన్ని కిలోమీటర్లు పోవాల్సిందే. దారిలో టోల్ గేట్ తగిలితే దానికీ డబ్బులు పోతాయి.

అందుకే ఉద్యోగానికి అక్కడికెళ్లి స్టీరింగ్ పట్టుకునేవాళ్లకి ఫోన్‌లో చూడాల్సిన స్పెక్స్ వేరే. ఎండ వేడికి తట్టుకుంటుందా, మన లేన్‌కీ పక్కన సర్వీస్ రోడ్డుకీ తేడా పట్టగలదా, చేత్తో ముట్టుకోకుండా పని జరుగుతుందా? ఈ మూడూ ముఖ్యం. అందులోనూ మూడోదే ఖరీదైనది.

డ్రైవింగ్‌లో ఫోన్ చేత్తో పట్టుకుంటే యూఏఈలో 800 దిర్హమ్‌ల ఫైన్, దానితో పాటు 4 బ్లాక్ పాయింట్లు. పాయింట్లు 24 చేరితే లైసెన్స్ సస్పెండ్. పైగా మన ఇండియన్ లైసెన్స్‌ని అక్కడ నేరుగా మార్చి ఇవ్వరు, టెస్టులు పాసవ్వాల్సిందే. క్లాసులు, ఫీజులు కలిపితే వేలల్లో దిర్హమ్‌లు. కరీంనగర్ నుంచో కడప నుంచో డ్రైవర్ వీసా మీద వెళ్లినవాళ్లకైతే లైసెన్స్ పోవడమంటే ఉద్యోగం పోవడమే.

కాబట్టి కారులో ఆండ్రాయిడ్ ఆటో లేదా కార్‌ప్లే ఉంటే తప్పకుండా వాడండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అలాయ్ వీల్స్ కన్నా ముందు ఇది ఉందో లేదో చూడమంటాను. అడ్రస్ ఇంజిన్ స్టార్ట్ చేసే ముందే పెట్టేయాలి. అన్నట్టు, అక్కడ వాట్సాప్ కాల్స్ మామూలుగా పని చేయవు. దారి తప్పాక "మామా, ఎటు రావాలి?" అని వాట్సాప్‌లో కాల్ కొట్టే అలవాటు ఇక్కడే వదిలేయండి. బయల్దేరేలోపే లొకేషన్ పిన్ తెప్పించుకోండి. పిన్ లేకపోతే బిల్డింగ్‌కి 'మకానీ' నంబర్ ఉంటుంది. దుబాయ్‌లో ప్రతి బిల్డింగ్ ఎంట్రన్స్‌కీ ఇచ్చే పది అంకెల కోడ్ ఇది. మకానీ యాప్‌లో కొడితే సరిగ్గా గేటు దగ్గరికే తీసుకెళ్తుంది. "ఆ మసీదు వెనక, గ్రోసరీ పక్కన" అనే అడ్రస్‌ల కన్నా వంద రెట్లు నయం. మన ఊళ్లకీ ఇలాంటిది వస్తే బాగుండు.

ఇక వేడి సంగతి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది. దుబాయ్ ఎండాకాలంలో బయట టెంపరేచర్ 45 దాకా పోతుంది. అద్దం వెనక, నేరుగా ఎండ పడే చోట ఫోన్ పెట్టి, నావిగేషన్ ఆన్ చేసి, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి, పైగా వైర్‌లెస్ చార్జింగ్ కూడా పెడితే ఏమవుతుంది? ముందు స్క్రీన్ డల్ అవుతుంది, తర్వాత చార్జింగ్ ఆగుతుంది, చివరికి ఫోన్ చల్లబడాలంటూ వార్నింగ్ వస్తుంది. ఐఫోన్ అయితే ఆ స్టేజిలో డిస్‌ప్లే ఆపేసి వాయిస్‌తో దారి చెప్తుంది, మలుపు దగ్గర పడ్డాక మాత్రమే స్క్రీన్ వెలుగుతుంది. ఎగ్జిట్ ఎటో తెలియని రోడ్డు మీద అది సరిపోదు.

పరిష్కారం చాలా చవక. విండ్‌షీల్డ్‌కి అంటించే మౌంట్ వద్దు, ఏసీ వెంట్‌కి తగిలించేది కొనండి. చల్లగాలి నేరుగా ఫోన్ వెనక భాగానికి తగులుతుంది. వైర్‌లెస్ చార్జింగ్ మౌంట్ చూడ్డానికి బాగుంటుంది కానీ అదనపు వేడి పుట్టిస్తుంది. మామూలు కేబులే బెటర్. మందపాటి కేస్ ఉంటే తీసేయండి. కారు పార్క్ చేసి వెళ్లేటప్పుడు ఫోన్‌గానీ పవర్ బ్యాంక్‌గానీ లోపల వదలొద్దు.

లేన్ సంగతికొస్తే, జీపీఎస్ సిగ్నల్ ఎత్తైన టవర్ల అద్దాలకి తగిలి తిరిగొస్తుంది. ఫోన్ ఆ ప్రతిబింబాన్నే అసలు సిగ్నల్ అనుకుంటే మీరు మెయిన్ రోడ్డు మీద ఉన్నా సర్వీస్ రోడ్డు మీద ఉన్నట్టు చూపిస్తుంది. దీనికి విరుగుడు డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్. స్పెక్ షీట్‌లో ఎల్1తో పాటు ఎల్5 అని ఉందో లేదో చూడండి. 2018లో షావోమీ మీ 8తో ఇది ఫోన్లలోకి వచ్చింది, ఐఫోన్లలో 14 ప్రో నుంచి ఉంది. బడ్జెట్ ఫోన్లలో మాత్రం ఇప్పటికీ చాలా వాటిలో ఉండదు. ఇండియాలో ఈ తేడా అంతగా తెలియదేమో, డౌన్‌టౌన్ దుబాయ్‌లో బాగా తెలుస్తుంది.

ఎయిర్‌పోర్ట్ రన్‌వే కింద నుంచి పోయే టన్నెల్‌లోకి వెళ్తే ఏ జీపీఎస్ అయినా గుడ్డిదే. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మ్యాప్స్ నావిగేషన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ టన్నెల్ బీకన్స్ అని ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేసుకోండి. బీకన్లు బిగించిన టన్నెళ్లలోనే అది పని చేస్తుంది కాబట్టి లోపలికి వెళ్లేలోపే బయటికొచ్చాక ఏ లేన్ పట్టాలో ఒకసారి చూసుకోండి.

రోడ్డు పేర్లు కూడా తికమక పెడతాయి. ఇప్పటి షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు పేరు 2013 దాకా ఎమిరేట్స్ రోడ్డు. ఇప్పుడు ఎమిరేట్స్ రోడ్డు అంటే వేరే రోడ్డు. పాత మనుషులు ఏది అంటున్నారో తెలియాలంటే నంబర్ అడగండి. మొదటిది ఈ-311, రెండోది ఈ-611. షేక్ జాయెద్ రోడ్డు ఈ-11. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు వాయిస్ ఉంది, వినడానికి హాయిగానే ఉంటుంది. అయినా ఇక్కడ ఇంగ్లీష్ వాయిసే పెట్టుకోండి. బోర్డుల మీద అరబిక్, ఇంగ్లీష్ మాత్రమే ఉంటాయి. చెవికి విన్నదీ కంటికి కనిపించేదీ ఒకటే అయితే సగం కంగారు తగ్గుతుంది.

టోల్‌కి మన ఫాస్టాగ్ లాంటిదే 'సాలిక్'. గేటు దగ్గర అడ్డుకర్ర ఉండదు, ఆగేది లేదు, అద్దం మీద స్టిక్కర్‌ని చదివి డబ్బులు కట్ చేసుకుంటుంది. 2025 జనవరి చివరి నుంచి మామూలు రోజుల్లో పొద్దున 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 మధ్య 6 దిర్హమ్‌లు, మిగతా టైమ్‌లో 4, అర్ధరాత్రి 1 నుంచి 6 దాకా ఫ్రీ. యాప్‌లో లో బ్యాలెన్స్ అలర్ట్ పెట్టుకోండి. అబుదాబిలో టోల్ పేరు 'దర్బ్', దానికి స్టిక్కర్ ఉండదు, కెమెరా నంబర్ ప్లేట్ చదువుతుంది. రెండింటికీ అకౌంట్లు వేరు.

అబుదాబి వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. దుబాయ్‌లో బోర్డు మీద 100 ఉంటే కెమెరా 120 దాటాకే ఫ్లాష్ కొడుతుంది, ఆ 20 గ్రేస్. అబుదాబి 2018లోనే దాన్ని తీసేసింది. బోర్డు మీద 100 ఉంటే అక్కడ 101కే ఫైన్. ఈ-11 మీద ఎమిరేట్ మారినప్పుడు రోడ్డు అదే, రూల్ వేరు. మ్యాప్స్‌లో స్పీడ్ లిమిట్ వార్నింగ్ ఆన్‌లో ఉంచండి, కానీ యాప్‌కీ బోర్డుకీ తేడా వస్తే బోర్డునే నమ్మండి.

రెంటల్ కారైతే ఫైన్లు కంపెనీ ద్వారా ఎన్నో రోజుల తర్వాత, సర్వీస్ చార్జి కలిపి వస్తాయి. అందాకా ఆగక్కర్లేదు. దుబాయ్ పోలీస్ యాప్‌లో ప్లేట్ నంబర్ కొడితే ఏమైనా పడ్డాయా అన్నది కనిపిస్తుంది. కారు తిరిగిచ్చే ముందు ఒకసారి చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.