సముద్రానికి వెళ్ళొద్దామా?

బెజవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. మంగినపూడి మరో పదీ పదకొండు. తెల్లవారుతూనే కారులో బయల్దేరితే ఎండెక్కకముందే చేరతాం. పులిహోర, పెరుగన్నం సరే, మంచినీళ్ళు రెట్టింపు పెట్టుకోండి. ఒళ్ళు కడుక్కోడానిక్కూడా కావాలి కదా!

అసలు చెప్పవలసింది పిల్లల సంగతి. కిందటిసారి మా చిన్నవాడు "అమ్మా, ఇక్కడ అలలే లేవు" అంటూ ఓ పక్కకి పరుగెత్తాడు. మావారు రెక్క పట్టుకుని లాగారు. చూశారూ, ఒడ్డుకొచ్చిన నీరు వెనక్కి పోవటానికి అలాంటి దారే చేసుకుంటుంది. అలలు విరగని చోటే లాగుడెక్కువ. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే పక్కకి ఈది బయటపడాలి. పిల్లలకిది కారులోనే చెప్పండి, నీళ్ళు చూశాక వినరు.

ఇంటికి రాగానే కారు అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి. ఉప్పుకి తుప్పు పడుతుంది.