పాత బండి గట్టిదా, కొత్త బండి భద్రమా?



మన బీదర్‌లో మొదటిసారి కారు కొనాలనుకునే ఇళ్లల్లో చాలామంది ముందు సెకండ్ హ్యాండ్ బండినే చూస్తారు. హైదరాబాద్ దగ్గరే కాబట్టి అక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. బండి చూడ్డానికి నలుగురు కలిసి వెళ్లినప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "పాత బండి ఇనుము గట్టిదండీ. ఇప్పటివన్నీ రేకు డబ్బాలు, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది." అంబాసిడర్ గురించి మన పెద్దవాళ్లు ఇదే అంటారు. ఫోర్డ్, షెవర్లే లాంటి అమెరికా కంపెనీల బండ్ల గురించి అయితే ఇంకా గట్టిగా అంటారు.

ఈ మాటలో సగం నిజం ఉంది. పాత కార్ల రేకు మందమే, బంపర్ బరువే. కానీ బండి గట్టిగా ఉండటం ఒకటి, అందులో కూర్చున్న మనిషి బతికి బయటపడటం ఇంకొకటి. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగేవాళ్లం కాబట్టి ఈ తేడా మనకు బాగా తెలియాలి.

రెండు షెవర్లేలు ఎదురెదురుగా

అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఒక సంస్థ ఉంది. పేరు ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ. 1959లో మొదలైంది. 2009లో యాభై ఏళ్లు నిండిన సందర్భంగా వాళ్లు ఒక పరీక్ష చేశారు. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్ ఒకటి, 2009 నాటి షెవర్లే మాలిబు ఒకటి తీసుకున్నారు. రెండూ ఒకే కంపెనీవి. రెండూ వాటి వాటి కాలంలో మామూలు కుటుంబాలు కొనుక్కున్న కార్లే. డ్రైవర్ సీట్లలో కొలత పరికరాలు అమర్చిన మనిషి బొమ్మలను కూర్చోబెట్టారు. రెండు కార్లనూ గంటకు దాదాపు 64 కి.మీ. వేగంతో, డ్రైవర్ వైపు భాగం తగిలేలా ఎదురెదురుగా ఢీకొట్టించారు.

బెల్ ఎయిర్ పొడవు మాలిబు కంటే దాదాపు అర మీటరు ఎక్కువ. బరువులో పెద్ద తేడా లేదు. చూసేవాళ్లకు పాతదే గెలుస్తుందనిపిస్తుంది. జరిగింది వేరు. బెల్ ఎయిర్‌లో ముందు భాగంతో పాటు మనిషి కూర్చునే గది కూడా నలిగిపోయింది. ముందు అద్దం పక్కనుండే స్తంభం వెనక్కి వంగింది. స్టీరింగ్ లోపలికి పొడుచుకొచ్చింది. అందులో నిజంగా మనిషి ఉంటే బతికేవాడు కాదు. ఆ బండికి సీటు బెల్టే లేదు, ఇక ఎయిర్‌బ్యాగ్ మాట ఎక్కడిది?

మాలిబు ముందు భాగం కూడా నుజ్జునుజ్జయింది. ఇంజన్ వైపు చూస్తే ఆ బండి ఇక పనికిరాదని తెలిసిపోతుంది. కానీ కూర్చునే గది మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది, బెల్టు పట్టి ఆపింది. బొమ్మ మీది కొలతల ప్రకారం డ్రైవర్‌కు కాలికి దెబ్బ తగిలి ఉండేది, అంతే.

ఎందుకిలా? తొమ్మిదో తరగతి పాఠంలోనే ఉంది

పిల్లలూ, ఈ భాగం మీకోసం. క్రికెట్‌లో వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారు కదా? ఎందుకు? బంతి ఆగడానికి కొంచెం ఎక్కువ సమయం, కొంచెం ఎక్కువ దూరం ఇస్తే చేతికి తగిలే బలం తగ్గుతుంది. చేతులు బిగబట్టి పడితే అరచేయి మండిపోతుంది.

కారు కూడా అంతే. కొత్త కార్ల ముందు భాగం నలిగేలా కావాలనే తయారు చేస్తారు. అది నలుగుతున్నంతసేపు దెబ్బ శక్తిని తనలోకి తీసుకుంటుంది. కూర్చునే గది చుట్టూ మాత్రం చాలా గట్టి ఉక్కు వాడతారు. ముందు మెత్తన, మధ్య గట్టి, ఇదీ సూత్రం. పాత కార్లలో ఈ విభజన లేదు. దెబ్బ నేరుగా లోపలికి వచ్చేది. స్టీరింగ్ కడ్డీ కూడా తేలిగ్గా ముడుచుకునేది కాదు, ఛాతీకి గురిపెట్టిన బల్లెంలా ఉండేది. జనరల్ మోటార్స్ కార్లలో దెబ్బకు ముడుచుకునే స్టీరింగ్ కడ్డీ 1967 మోడళ్ల నుంచి వచ్చింది.

ఒక చిన్న లెక్క చేద్దాం. గంటకు 64 కి.మీ. అంటే సెకనుకు దాదాపు 17.8 మీటర్లు. పైనుంచి పడే వస్తువుకు ఈ వేగం రావాలంటే సుమారు 16 మీటర్ల ఎత్తు నుంచి పడాలి. అంటే ఐదంతస్తుల మేడ మీది నుంచి కారు ముక్కు కిందకు పెట్టి పడేసినట్టు. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. హుమనాబాద్ మీదుగా పోయే 65వ నంబర్ జాతీయ రహదారి మీద బండ్లు ఎంత వేగంతో పోతాయో మీకు తెలుసు. గంటకు 80 కి.మీ.కు, 100 కి.మీ.కు ఈ ఎత్తు ఎంత అవుతుందో ఇంట్లో లెక్కవేసి చూడండి.

మన రోడ్ల మీది అమెరికా బండ్లు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. షెవర్లే అమ్మకాలు మన దేశంలో 2017 చివరితో ఆగిపోయాయి. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. కాబట్టి ఫోర్డ్ వరసలో ఐకాన్, ఫియస్టా, ఫిగో, యాస్పైర్ అయినా, షెవర్లే స్పార్క్, బీట్, టవేరా, ఎంజాయ్ అయినా, ఇప్పుడు మనం కొనగలిగినవన్నీ వాడిన బండ్లే.

అమెరికాలో సీటు బెల్టులు 1968 నుంచి తప్పనిసరి. ముందు రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు 1998 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి. మన దేశంలో డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయింది. పక్క సీటుకు 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లలో, ఆ ఏడాది గడిచాక మిగతా మోడళ్లలో కూడా తప్పనిసరి చేశారు. అంటే కంపెనీ పేరు అమెరికాది అయినంత మాత్రాన అక్కడి భద్రత ఇక్కడి బండిలో ఉందనుకోకూడదు.

దీనికి మంచి ఉదాహరణ ఫిగో. 2010లో వచ్చిన ఈ కారు బాగా అమ్ముడుపోయింది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు కార్ల క్రాష్ టెస్ట్ ఫలితాలు ప్రకటించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఫిగోకు పెద్దవాళ్ల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. అయితే ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. ఫిగో కూర్చునే గది నిలకడగానే ఉంది, ఎయిర్‌బ్యాగులు ఉంటే రక్షణ చాలా మెరుగయ్యేదని రాశారు. ఫిగో ఖరీదైన వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు ఉండేవి. చూడండి, అదే బండి, అదే ఏడాది, అదే రంగు. వేరియంట్ మారితే ప్రాణం విలువ మారిపోయింది.

2017లో ఇంకో రెండు బండ్ల ఫలితాలు వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న ఫోర్డ్ యాస్పైర్‌కు మూడు స్టార్లు వచ్చాయి. ఎయిర్‌బ్యాగులు లేని ఏడు సీట్ల షెవర్లే ఎంజాయ్‌కి సున్నా. రెండూ కొత్త కాలపు కుటుంబ కార్లే. కాబట్టి "కొత్తది కాబట్టి భద్రం" అన్న మాట కూడా పూర్తి నిజం కాదు. కొత్త తరం బండి భద్రంగా ఉంటుంది, కానీ ఆ తరం నేర్చుకున్న పాఠం ఆ బండిలో పెట్టి ఉంటేనే.

ఒకటి ఒప్పుకోవాలి. చిన్న దెబ్బలకు కొత్త బండి మరమ్మతు ఖర్చు ఎక్కువే. పాత బండికైతే సొట్ట తీయించి రంగు వేయిస్తే సరిపోయేది. కొత్తదానికి బంపర్, లైటు, సెన్సర్ అంటూ బిల్లు పెరుగుతుంది. కానీ ఆ నలిగిన భాగం మన ఎముకల బదులు నలిగింది.

కొనే ముందు చూడాల్సినవి

1. ఆర్‌సీలో తయారైన నెల, ఏడాది చూడండి. వేరియంట్ పేరు కూడా అడగండి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే. 2010లో రిజిస్టరైన బండికి ఆ గడువు 2025తోనే అయిపోయింది. రెన్యువల్ చేయించారో లేదో చూసుకోండి.

2. తాళం తిప్పగానే డాష్‌బోర్డ్ మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. యాక్సిడెంట్‌లో తెరుచుకున్న ఎయిర్‌బ్యాగులు మార్చకుండా ఆ లైటు తీసేసి అమ్మేవాళ్లు ఉంటారు.

3. ప్రతి సీటు బెల్టునూ ఒక్కసారిగా గుంజి చూడండి. టక్కున పట్టేయాలి. వెనక సీటు బెల్టులు కవర్ల కిందికి తోసేసి ఉంటే బయటికి తీయించండి.

4. ముందు ఇనుప గార్డు ఉంటే తీసేయండి. అందానికి, ధైర్యానికి పెట్టిస్తారు కానీ, అది నలగాల్సిన భాగాన్ని నలగనివ్వదు. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లనూ గందరగోళపరచవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులోనే వీటిని వద్దంది.

5. ఆ మోడల్ క్రాష్ టెస్ట్ ఫలితం ఫోన్‌లో వెతకండి. పాతవాటికి గ్లోబల్ ఎన్‌క్యాప్, 2023 అక్టోబరు తర్వాతివాటికి భారత్ ఎన్‌క్యాప్. పరీక్షించిన బండిలో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో కూడా చదవండి.

బెల్టు లేకపోతే ఏ తరమైనా ఒకటే

పైన చెప్పిన మాలిబులో బొమ్మ బెల్టు పెట్టుకుని ఉంది. ఈ ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా దండగే. ముందు భాగం ఎంత చక్కగా నలిగినా, బెల్టు లేని మనిషి పాత వేగంతోనే ముందుకు పోతాడు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణించింది ఖరీదైన మెర్సిడెస్ కారులో. వెనక సీట్లో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ ప్రమాదంలో ఆయన ప్రాణం పోయింది.

ఇక పిల్లల సంగతి. ముందు సీట్లో అమ్మ ఒళ్లో పాపను కూర్చోబెట్టుకోవడం మనకు మామూలే. "నేను గట్టిగా పట్టుకుంటాను కదా" అంటారు. పట్టుకోలేరు. లెక్క చూడండి. గంటకు 50 కి.మీ. వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్ది అర మీటరులో ఆగిందనుకుందాం. ఆ క్షణంలో 20 కిలోల పాప దాదాపు 400 కిలోల బలంతో ముందుకు లాగుతుంది. ఎనిమిది సిమెంటు బస్తాలు! ఏ తల్లి చేతులు ఆపగలవు? పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది రెప్పపాటు కంటే వేగంగా తెరుచుకుని పాపను అమ్మకేసి కొడుతుంది. పెద్దవాళ్లను కాపాడేదే పసిపిల్లలకు ప్రమాదం అవుతుంది.

అందుకే పిల్లలు ఎప్పుడూ వెనక సీట్లోనే, బెల్టుతోనే కూర్చోవాలి. చిన్నపిల్లలకు చైల్డ్ సీటు కావాలి. కొంచెం పెద్దవాళ్లకు బెల్టు మెడ మీదికి వస్తుంటే ఎత్తు పెంచే బూస్టర్ సీటు వాడండి. బెల్టు భుజం మీదుగా, నడుం ఎముకల మీదుగా పోవాలి, పొట్ట మీదుగా కాదు. రెండు సీట్ల మధ్య పిల్లల్ని నిలబెట్టొద్దు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 సవరణ చట్టంలో ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, ఇది మన పిల్లల సంగతి.

బడికి వచ్చే తల్లిదండ్రులకు ఒక మనవి

పొద్దున బడి దగ్గర దింపేటప్పుడు "రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. 50 కి.మీ. వేగం ఊళ్లోనే వస్తుంది. బెల్టు అలారం మోగకుండా పెట్టే క్లిప్పులు ఉంటే ఈ రోజే తీసేయండి.

పిల్లలూ, మీకు ఈ వారం ఒక పని. ఇంట్లో కారు ఉంటే, లేకపోతే చుట్టాల కారు అయినా సరే, వెనక సీట్లో బెల్టులు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయో లెక్కపెట్టండి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతుందో లేదో నాన్ననో మామయ్యనో అడిగి చూడండి. రాసుకొచ్చి మీ సైన్స్ టీచర్‌కు చూపించండి. బెల్టు పనిచేయకపోతే ఇంట్లోవాళ్లకు చెప్పి బాగు చేయించేదాకా అడుగుతూనే ఉండండి.