బరువును మోసేది చక్రమే

నూట పది కిలోల మనిషి దూరాలు తొక్కడానికి మంచి రోడ్ సైకిల్ కొందామనుకుంటే, దుకాణంలోనైనా స్నేహితుల మధ్యనైనా మాట మొదలయ్యేది ఫ్రేమ్ దగ్గరే. కార్బన్ ఆగుతుందా, అల్యూమినియం చాలా, స్టీలే నమ్మకమా అంటూ గంటలు గడిచిపోతాయి. చక్రాలకు ఎన్ని స్పోకులున్నాయో, ఎంత వెడల్పు టైరు పడుతుందో మాత్రం ఎవరూ అడగరు. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. బరువైన మనిషి కింద సైకిల్‌లో ముందుగా చేతులెత్తేసేది వెనక చక్రం. ఆ తర్వాత టైరు, బ్రేకులు, చిన్నాచితకా భాగాలు. ఫ్రేమ్ వంతు చాలా ఆలస్యంగా వస్తుంది, చాలామందికి అసలు రాదు. అందుకని డబ్బయినా శ్రద్ధయినా ముందు చక్రానికి పెట్టి, మిగిలింది ఫ్రేమ్‌కి పెట్టడమే న్యాయం.

ఎండ్యూరెన్స్ రోడ్ సైకిల్ అనే రకం ఎలా పుట్టిందో చూసినా ఈ సంగతి కొంత తెలుస్తుంది. ఉత్తర ఫ్రాన్స్‌లో 1896 నుంచి జరుగుతున్న పారిస్–రూబే పందెంలో యాభై కిలోమీటర్లకు పైగా దారి మొరటు రాళ్లు పరిచిన పాత బాటలే. స్పెషలైజ్డ్ సంస్థ 2004లో తెచ్చిన సైకిల్‌కి రూబే అనే పేరు పెట్టింది. ట్రెక్ సంస్థ 2012లో తెచ్చిన డొమానే కూడా ఆ రాళ్ల బాటల్ని మనసులో పెట్టుకుని చేసిందే. ఈ రకంలో హ్యాండిల్ కాస్త ఎత్తుగా, సీటుకి కాస్త దగ్గరగా ఉంటుంది. రెండు చక్రాల మధ్య దూరం రేసింగ్ సైకిల్ కంటే ఎక్కువ. మరీ ముందుకి వంగక్కర్లేదు కాబట్టి పొట్ట తొడలకు అడ్డుపడదు, అరచేతుల మీద భారం తగ్గుతుంది. భారీ శరీరానికి ఇది పెద్ద ఊరట. అన్నిటికన్నా ముఖ్యం, వెడల్పు టైరు పట్టేంత చోటు ఫ్రేమ్‌లో ఉండటం. ఈ గుణం లేకపోతే ఎండ్యూరెన్స్ అన్న పేరు ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇక చక్రం సంగతి. సైకిల్ చక్రంలో స్పోకులు స్తంభాల్లా బరువు మోయవు. బిగించి లాగిన తీగల్లా ఉంటాయి. జాబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో సైకిల్ చక్రం మీద రాసిన పుస్తకంలో లెక్కగట్టి చూపించింది ఏమిటంటే, మనం కూర్చున్నప్పుడు నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు స్పోకుల బిగువు కొంత తగ్గుతుంది, మిగతా వాటిలో పెద్దగా మార్పుండదు. అంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రతి స్పోకూ ఒకసారి సడలి మళ్లీ బిగుస్తుంది. 32 మిల్లీమీటర్ల టైరున్న చక్రం కిలోమీటరుకు 460 సార్లకు పైగా తిరుగుతుంది. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు తొక్కితే ఒక్కో స్పోకు దాదాపు 14 లక్షల సార్లు ఇలా సడలి బిగుస్తుంది. బరువెక్కువై ఆ సడలింపు హద్దు దాటిందా, స్పోకు ఒక్క క్షణం పూర్తిగా వదులవుతుంది. స్పోకును రిమ్‌కి బిగించే నిప్పుల్ కొంచెం కొంచెంగా తిరిగిపోతుంది, హబ్బు దగ్గర వంపు అటూ ఇటూ కదులుతుంది, లోహం అలసిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత, మామూలు రోడ్డు మీద, ఏ గుంతా లేని చోట టక్కున తెగుతుంది. బరువుకి లాగబడి తెగిందని మనం అనుకుంటాం. నిజానికి వదులైపోవడం వల్ల తెగింది.

ఈ ఒక్క విషయం అర్థమైతే చక్రంలో ఏం చూడాలో దానంతటదే తేలుతుంది. స్పోకులు ఎక్కువుంటే ఒక్కోదాని మీద పడే సడలింపు తగ్గుతుంది. అన్నిటినీ తగినంతగా, సమానంగా బిగిస్తే వదులయ్యే ప్రమాదం తగ్గుతుంది. రిమ్ గట్టిగా ఉంటే భారం మరిన్ని స్పోకులకు పంచుతుంది. వెనక చక్రంలో ఇంకో చిక్కుంది. కుడి పక్కన గేర్ల పళ్లచక్రాలకు చోటివ్వాలి కాబట్టి ఆ వైపు స్పోకులు నిలువుగా, చాలా బిగువుగా ఉంటాయి. ఎడమవైపువి దాదాపు సగం బిగువుతోనే సరిపెట్టుకుంటాయి. మనిషి బరువులో సగానికి మించి పడేది కూడా ఈ వెనక చక్రం మీదే. అందువల్ల ముందు చక్రం చెక్కుచెదరకుండా ఉన్నా వెనకది మాటిమాటికీ దుకాణానికి వెళుతుంది. మన పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు మోసిన నల్ల సైకిల్‌ని తలుచుకోండి. దానికి ముందు 32, వెనక 40 స్పోకులుండేవి, దాదాపు నలభై మిల్లీమీటర్ల టైరు ఉండేది. బరువు మోయడానికి ఏం కావాలో ఆ సైకిల్ చేసినవాళ్లకి బాగా తెలుసు. ఈరోజు షోరూములో మెరిసే రోడ్ సైకిళ్లలో చాలావాటికి 24, 28 స్పోకులే ఉంటాయి, అవి కూడా యంత్రాల మీద గబగబా బిగించినవి. డెబ్బై కిలోల మనిషికి అవి చాలు. నూట పది కిలోల మనిషికి చాలవు.

నూరు కిలోలు దాటినవారికి వెనక 32 స్పోకులు కనీసం అని నేనంటాను. నూట ఇరవై దాటితే 36 ఉత్తమం. స్పోకుల విషయంలో చాలామంది నమ్మని మాట ఒకటుంది. మొదటినుంచి చివరిదాకా లావుగా ఉన్న స్పోకు కంటే, రెండు చివర్లా లావుగా, నడుమ సన్నగా ఉన్నది ఎక్కువకాలం మన్నుతుంది. నడుమ సన్నం కాబట్టి అది కొంచెం ఎక్కువ సాగుతుంది. సాగింది కాబట్టి కింద పడ్డ భారానికి పూర్తిగా వదులైపోదు. ఇంకా గట్టివి కావాలంటే డీటీ స్విస్ ఆల్పైన్ 3, సపీమ్ ఫోర్స్ లాంటివి హబ్బు దగ్గరి వంపులో మరింత లావుగా చేసినవి దొరుకుతాయి. నిప్పుళ్లు అల్యూమినియంవి కాకుండా ఇత్తడివి ఉండాలి. వీటన్నిటికన్నా మించి, చేయి తిరిగిన మెకానిక్ కూర్చుని, బిగువు కొలిచే పరికరం పెట్టి సవరించిన చక్రం కావాలి. మామూలు రకం భాగాలతో ఓపిగ్గా కట్టిన చక్రం, ఖరీదైన భాగాలతో అశ్రద్ధగా కట్టిన దానికంటే ఎన్నో రెట్లు నమ్మదగినది.

టైరుకి వస్తే, సన్నటిదే వేగం అనే నమ్మకం ఇంకా పోలేదు. నున్నటి డ్రమ్ము మీద తిప్పి కొలిస్తే గాలి ఎక్కువ కొట్టిన టైరుకి ఘర్షణ తక్కువే కనిపిస్తుంది. అసలు రోడ్డు మీద మాత్రం ఆ గట్టి టైరు ప్రతి గరుకునీ మన ఒంటికి అందిస్తుంది, ఆ కుదుపుల్లో శక్తి వృథా అవుతుంది. యాన్ హైనే నడిపిన బైసికిల్ క్వార్టర్లీ పత్రిక ఎన్నో ఏళ్ల క్రితమే రోడ్డు మీద పరీక్షలు చేసి ఈ మాట చెప్పింది. అప్పట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత పందెగాళ్లే 23 మిల్లీమీటర్ల నుంచి 25కి, 28కి, ఆపైకి మారారు. బరువైన మనిషికి ఇది మరింత అవసరం. 28 టైరులో ఆయన 80 పీఎస్ఐ దాటి గాలి కొట్టాలి, లేకపోతే గుంతలో రిమ్ నేలకు తగిలి ట్యూబు తెగుతుంది. అదే 35 టైరులో 60 చుట్టుపక్కల గాలి సరిపోతుంది, చక్రానికీ వెన్నుకీ దెబ్బ తగ్గుతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. అంచులో కొక్కెం లేని రిమ్ములు ఈమధ్య చాలా సైకిళ్లకు వస్తున్నాయి. వాటిలో 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ మించి గాలి కొట్టకూడదు. సన్నటి టైరు, కొక్కెం లేని రిమ్, బరువైన మనిషి, ఈ మూడూ ఒక్కచోట కలవకూడదు.

ఫ్రేమ్ గురించి ఇంత తేలిగ్గా మాట్లాడుతున్నారేమిటని అడిగేవారుంటారు. స్టీలు విరగదు, వంగుతుంది, అల్యూమినియం అలసిపోతుంది, కార్బన్ పగులుతుంది అని అందరూ వినే ఉంటారు. 1997లో జర్మనీ పత్రిక టూర్, ఎఫ్బే అనే పరీక్షశాలలో ఒక డజను ఖరీదైన ఫ్రేములను అలసిపోయేదాకా పరీక్ష చేయించింది. చివరిదాకా విరగకుండా నిలిచినవి మూడు. వాటిలో రెండు అల్యూమినియం, ఒకటి కార్బన్. ఒక్కటి కూడా స్టీలు కాదు. దీన్నిబట్టి స్టీలు పనికిరాదని నేననను. ఆ పరీక్షకు వచ్చినవి తేలిక కోసం గొట్టాల్ని బాగా పల్చన చేసినవి. మందం గొట్టాలతో కట్టిన స్టీలు ఫ్రేమ్ చక్కగా మన్నుతుంది. పదార్థం పేరు చూసి మన్నిక చెప్పలేం, కట్టిన తీరును బట్టి చెప్పాలన్నదే ఆ పరీక్ష సారం. పైగా అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 ప్రకారం రేసింగ్ సైకిల్ ఫ్రేమ్ పెడళ్ల మీద 1,100 న్యూటన్ల బలాన్ని, అంటే 112 కిలోల బరువుకి సమానమైనదాన్ని, లక్ష సార్లు తట్టుకోవాలి. కూర్చుని మామూలుగా తొక్కేటప్పుడు పెడల్ మీద పడేది ఇందులో కొద్ది వంతే.

అయితే ఫ్రేమ్ దగ్గర తప్పనిసరిగా చూడాల్సింది ఒకటుంది. అది కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన బరువు పరిమితి. రోడ్ సైకిళ్లకు ఇది తరచుగా 120 నుంచి 136 కిలోల మధ్య ఉంటుంది. చాలా కంపెనీల లెక్కలో ఇది మనిషి ఒక్కడి బరువు కాదు, సైకిల్, సంచి, నీళ్లు అన్నీ కలిపి. పరిమితి 120 అయితే తొమ్మిదిన్నర కిలోల సైకిలు, రెండు సీసాల నీళ్లు, పనిముట్లు, బట్టలు తీసేయగా మనిషికి మిగిలేది 106 చుట్టూ. చక్రాలకు వేరే పరిమితి ఉంటుంది, తేలికపాటి చక్రాలకు అది ఫ్రేమ్‌దాని కంటే తక్కువ కూడా కావచ్చు. సీటు, సీటు గొట్టం, పెడళ్లకూ అంతే. వీటిలో అన్నిటికంటే తక్కువున్నదే ఆ సైకిల్ అసలు పరిమితి. దుకాణదారు నోటిమాటగా ఏం పర్లేదన్నాడని కొనవద్దు, కాగితం అడగండి.

గట్టి చక్రాలు పెడితే సైకిల్ బరువు పెరిగి ఎక్కుళ్లలో నష్టపోతామన్న భయం కూడా ఉంది. పందెం సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నిబంధన. ఆ అంకె చుట్టూ తిరిగిన ప్రచారం మామూలు మనుషుల మనసుల్లో కూడా తిష్ఠ వేసింది. లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిలు కలిసి 119 కిలోలు. విశాఖ నుంచి అరకు వైపు ఘాట్ లాంటి దారిలో నిలువున వెయ్యి మీటర్లు ఎక్కాలి. 200 వాట్ల శక్తితో తొక్కితే గురుత్వాకర్షణను గెలవడానికే గంటా ముప్పై ఏడు నిమిషాలు పడుతుంది. సైకిల్ ఒక కిలో బరువు పెరిగితే దానికి 50 సెకన్లు కలుస్తాయి. చక్రాలు గట్టిపరిస్తే పెరిగేది కిలో కూడా కాదు, మూడు నాలుగు వందల గ్రాములు. ఆ ఎక్కుడులో నిజంగా ఆదుకునేవి గేర్లు. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే మోకాళ్లు నిలబడతాయి, ఇంకా చిన్న గేరుంటే ఇంకా మంచిది. దిగేటప్పుడు కథ వేరు. డెబ్బై కిలోల మనిషితో పోలిస్తే ఈ బరువైన మనిషి బ్రేకులు ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు. కాబట్టి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, రెండు చక్రాలకూ 160 మిల్లీమీటర్ల డిస్కులు ఉండాలి. ఈ విషయంలో రాజీ పడకూడదు.

ముందు బరువు తగ్గు, ఆ తర్వాత మంచి సైకిల్ కొనుక్కో అని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ సలహా నాకు అన్యాయంగా తోస్తుంది. ఆరడుగుల పైన ఎముక పుష్టితో ఉన్న మనిషి ఎంత తగ్గినా నూరు కిలోలు ఉండొచ్చు. నిజంగా తగ్గాలనుకునేవారికి కూడా మోకాళ్ల మీద భారం పడకుండా గంటలకొద్దీ కదిలే అవకాశం ఇచ్చేది సైకిలే. నెలకో స్పోకు తెగి ఊరి బయట నిలబడిపోయే సైకిల్ ఇస్తే ఆ ఉత్సాహం ఎన్నాళ్లుంటుంది? అయితే హైబ్రిడ్ చాలు కదా అనే మాటలో కొంత న్యాయముంది. రోజుకి ఇరవై, ముప్పై కిలోమీటర్లకు అది చాలు. హైదరాబాద్ రాండొన్యూర్స్ లాంటి క్లబ్బులు నడిపే బ్రెవే అనే దూరపు సవారీల్లో పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు పూర్తి చేయాలంటే మాత్రం, చేతుల్ని మూడు నాలుగు చోట్లకు మార్చుకునే వీలున్న వంపు హ్యాండిల్ విలువ తెలుస్తుంది.

కాబట్టి చేతిలో లక్షన్నర ఉంటే, ఆ మొత్తానికి వచ్చే కార్బన్ సైకిల్ వైపు చూడకుండా, లక్ష లోపు మంచి అల్యూమినియం ఎండ్యూరెన్స్ సైకిల్ తీసుకుని మిగతా డబ్బుతో చక్రాలు కట్టించుకోవడం తెలివైన పని. 35 మిల్లీమీటర్ల టైరు పట్టే చోటు, చక్రాన్ని ఫ్రేమ్‌కి గుచ్చి బిగించే 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్, పెడళ్ల ఇరుసు తిరిగే చోట మరతిప్పి బిగించే బాటమ్ బ్రాకెట్, ఇవి ఫ్రేమ్‌లో చూసుకోండి. కొత్త చక్రం మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కాస్త సర్దుకుంటుంది కాబట్టి, కట్టిన మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లి ఒకసారి బిగువు సరిచేయించండి. తర్వాత ఎప్పుడైనా ఒక స్పోకు తెగితే మార్చుకుంటే సరిపోతుంది. అదే చక్రంలో కొద్దికాలానికే రెండోది, మూడోది తెగాయంటే మిగతావి కూడా అలసిపోయాయని అర్థం. అప్పుడు ఒక్కొక్కటీ మారుస్తూ కూర్చోకుండా రిమ్, హబ్బు అలాగే ఉంచి స్పోకులన్నీ కొత్తవి వేసి మళ్లీ కట్టించాలి.