హైడ్రోజన్‌కు పాతర ఎక్కడ?

నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం ఉన్నాయి. ఏ నదీ వచ్చి వాటిలో కలవదు. గోరకల్లు జలాశయం నుంచి తెచ్చుకున్న నీళ్లే వాటిలో పైకీ కిందికీ తిరుగుతుంటాయి. ఎండ కాసే వేళ సౌర విద్యుత్తుతో కింది నీటిని పైకి తోడతారు. పొద్దు వాలాక ఆ నీటినే కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. సామర్థ్యం 1680 మెగావాట్లు. హైదరాబాదు సంస్థ గ్రీన్‌కో చేపట్టిన ఈ పథకానికి 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది. 2025లో యంత్రాలు ఒకటొకటిగా తిరగసాగాయి.

గ్రీన్‌కో స్థాపకులే పెట్టిన ఏఎం గ్రీన్ కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల అమ్మోనియా తయారుచేసే కర్మాగారం తలపెట్టింది. దానికి రాత్రింబవళ్లు కరెంటు అందించడంలో పిన్నాపురానికి పెద్ద పాత్ర ఉంది. ఆ కరెంటుతో అక్కడ జరిగే మొదటి పని నీటిని చీల్చి హైడ్రోజన్ తీయడం. ఆ పని చేసే యంత్రం ఎలక్ట్రోలైజర్. కొత్తగా కనిపెట్టిన వింతలా దీని గురించి రోజూ వింటున్నాం గాని, దీని వయసు 225 ఏళ్ల పైమాటే. దీన్ని ఇన్నేళ్లూ వెనక్కి లాగినవి రెండే చిక్కులు: కరెంటు ధర, తీసిన వాయువును దాచే చోటు.

1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా తన బ్యాటరీ సంగతి తెలియజేయగానే లండన్‌లో విలియం నికల్సన్, ఆంథొనీ కార్లైల్ లోహపు బిళ్లలతో అలాంటిదే ఒకటి పేర్చారు. తీగ బాగా అంటుకోవాలని పై బిళ్ల మీద ఒక నీటిబొట్టు వేస్తే, అందులో బుడగలు లేచాయి. మే 2న గాజు గొట్టంలో నీళ్లు పోసి రెండు చివర్ల నుంచి ఇత్తడి తీగలు దించారు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్ వచ్చింది, రెండో తీగ చిలుము పట్టి నల్లబడింది. తర్వాత ప్లాటినం తీగలు వాడితే రెండో వైపు ఆక్సిజన్ కూడా బయటపడింది. ఎలక్ట్రోలైజర్ పుట్టింది అలా. 1839లో వేల్స్‌కు చెందిన న్యాయవాది విలియం గ్రోవ్ దీన్నే తిరగేశాడు. హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ కలిపి కరెంటు పుట్టించాడు. ఇప్పటి ఫ్యూయల్ సెల్‌కు అది తొలి రూపం.

ఇప్పటి ఎలక్ట్రోలైజర్లలో ఎక్కువగా కనిపించే రకం చూడటానికి పెద్ద డ్రమ్ములా ఉంటుంది. లోపల వందల పలుచని గదులు. ప్రతి గదిలో పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన నీరు, అటూ ఇటూ నికెల్ ఎలక్ట్రోడ్లు, మధ్యలో రెండు వాయువులూ కలవకుండా ఆపే పొర. నీటి అణువు విడిపోవడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. కాని పని వేగంగా సాగాలంటే 1.8 నుంచి 2 వోల్టులు పెట్టాలి. ఆ తేడాలో చాలా భాగం వేడిగా పోతుంది. అందుకే కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైనే కరెంటు ఖర్చవుతుంది. చీలిపోయే నీరు మాత్రం కిలోకు 9 లీటర్లే. శుద్ధికీ చల్లబరచడానికీ మరికొంత కావాలి. నీటి కరువు చూసిన సీమవాళ్లు ముందు నీళ్ల లెక్క అడుగుతారు. అడగాల్సిందే. కాని ఈ యంత్రానికి నీళ్ల ఆకలి కన్నా కరెంటు ఆకలి చాలా ఎక్కువ.

దీనికి మరో గుణం ఉంది. నిలకడ లేని కరెంటు దీనికి పడదు. సరఫరా బాగా తగ్గితే గదుల్లో వాయువుల ఉత్పత్తి మందగిస్తుంది. మధ్య పొర గుండా కొద్దికొద్దిగా దాటే హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు పోగవుతుంది. ఆ మిశ్రమానికి నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే ఒక హద్దు కన్నా కరెంటు తగ్గితే యంత్రాన్ని ఆపేస్తారు. మాటిమాటికీ ఆపి నడిపితే ఎలక్ట్రోడ్లు త్వరగా పాడవుతాయి. పిన్నాపురం వైపే గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచి పనిచేస్తోంది. అలాంటి పార్కు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలక్ట్రోలైజర్ రోజులో సగానికి పైగా ఖాళీగా ఉంటుంది. పిన్నాపురం జలాశయాల అవసరం ఇక్కడే తెలుస్తుంది.

మన దేశంలో ఈ యంత్రం ఒకప్పుడు భారీగానే నడిచింది. 1960ల మొదట్లో పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారం భాక్రా జలవిద్యుత్తుతో నీటిని చీల్చి, ఆ హైడ్రోజన్‌తో అమ్మోనియా చేసేది. నార్వేలో అంతకు ముందే జలపాతాల కరెంటుతో ఇదే పని జరిగింది. తర్వాత సహజవాయువు చౌకైంది. దాన్ని ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ తీసే పద్ధతి అన్నిచోట్లా పాకింది. దాని మూల్యం ఆకాశం చెల్లిస్తోంది: కిలో హైడ్రోజన్‌కు సుమారు 10 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఈనాటికీ ప్రపంచంలో ఏటా తయారయ్యే సుమారు 10 కోట్ల టన్నుల హైడ్రోజన్‌లో శుభ్రమైన దారిలో వచ్చేది నూటికి ఒక పాలు కూడా లేదు.

ఈ కథలో కాకినాడకు ఒక పాత బంధం ఉంది. 1923 ఫిబ్రవరి 4న కేంబ్రిడ్జిలో జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త ఒక ఉపన్యాసం ఇచ్చాడు. బొగ్గు అయిపోయాక ఇంగ్లండు గాలిమరల మీద బతుకుతుందనీ, గాలి బాగా వీచినప్పుడు మిగిలిన కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి, వాటిని ద్రవాలుగా మార్చి భూమిలో దించిన పెద్ద తొట్లలో దాస్తారనీ, గాలి లేనప్పుడు తీసి వాడుకుంటారనీ చెప్పాడు. అది జరగడానికి 400 ఏళ్లు పడుతుందనుకున్నాడు. 1957లో ఆయన భారతదేశానికి వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. వైద్య విద్యార్థుల చదువు కోసం ఆయన తన దేహాన్ని దానం చేశాడు. అది చేరింది కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే.

హాల్డేన్ చెప్పినట్టు దాచడం అంత తేలిక కాదు. మామూలు ఒత్తిడిలో కిలో హైడ్రోజన్ 11 ఘనపు మీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. అందులో ఉన్న శక్తిలో మూడో వంతు దాకా ఆ చల్లదనానికే పోతుంది. రాయలసీమ పల్లెల్లో కరువుకాలానికి జొన్నలు పాతర వేసుకున్నట్టు వాయువునూ భూగర్భంలో దాచాలన్న ఆలోచన అందుకే వచ్చింది. పాతరకు గట్టి నేల కావాలి, చెమ్మ చేరకూడదు, మూత గట్టిగా పడాలి. హైడ్రోజన్‌కు వీటిని మించిన షరతులున్నాయి.

వాటన్నిటినీ తీర్చేది రాతి ఉప్పు. దానిలో పగుళ్లు నిలవవు, ఒత్తిడికి ఉప్పు మెల్లగా జరిగి వాటిని పూడ్చేస్తుంది. ఉప్పు హైడ్రోజన్‌తో చర్య జరపదు. నీళ్లు పంపి కరిగిస్తే కావలసినంత గుహ ఏర్పడుతుంది. ఇంగ్లండులోని టీసైడ్‌లో 1972 నుంచి అలాంటి మూడు గుహల్లో హైడ్రోజన్ దాస్తున్నారు. అమెరికాలో టెక్సస్ తీరం వెంట అంతకన్నా పెద్దవి ఉన్నాయి. మన దేశంలో ఇలాంటి ఉప్పు పొరలు రాజస్థాన్‌లోని నాగౌర్, బికనీర్ వైపు ఉన్నాయి. తెలుగు నేలకు ఆ అదృష్టం లేదు.

ఉప్పు లేని చోట్ల నీటిని పట్టి ఉంచే సచ్ఛిద్ర శిలల్లో దాచి చూశారు. నాటి చెకొస్లొవేకియాలోని లొబొడిసెలో సగం దాకా హైడ్రోజన్ ఉన్న వాయువును అలా నింపితే, కొన్ని నెలలకు హైడ్రోజన్ తగ్గి మీథేన్ పెరిగింది. నేల లోపలి సూక్ష్మజీవులు దాన్ని తినేశాయి.

విశాఖ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. అక్కడ గట్టి రాతిని తొలిచిన గుహలో 2007 నుంచి 60,000 టన్నుల వంటగ్యాస్ నిల్వ చేస్తున్నారు. మరో చోట 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలు ఉన్నాయి. వాటికి లోపల ఇనుప తొడుగు లేదు. చుట్టూ రాతి పగుళ్లలోని భూగర్భజలం లోపలికి నెట్టుతూ ఉంటుంది, ఆ నీటి ఒత్తిడే గ్యాసును బయటికి పోనివ్వదు. ప్రతి 10 మీటర్ల లోతుకు నీరు ఒక వాతావరణ పీడనం ఇస్తుంది. వంటగ్యాసుకు 200 మీటర్ల లోపే సరిపోయింది. హైడ్రోజన్‌ను 200 వాతావరణ పీడనాల వద్ద అదే ఉపాయంతో నిలపాలంటే 2 కిలోమీటర్ల లోతుకు దిగాలి. అది అయ్యే పని కాదు. అందుకే స్వీడన్‌లోని లూలియోలో రాతి గుహకు ఉక్కు తొడుగు వేసి, 2022లో 100 ఘనపు మీటర్ల ప్రయోగశాల తెరిచారు. ఒత్తిడి భారం రాయి మోస్తుంది, వాయువును ఉక్కు పట్టి ఉంచుతుంది.

మరి నంద్యాల దగ్గరి కుందూ నది లోయ? ఇక్కడి శిలల పొరలకు భూవిజ్ఞానులు పెట్టినవి మన ఊళ్ల పేర్లే. అడుగు నుంచి పైకి బనగానపల్లె క్వార్ట్జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లలో చాలావరకు నార్జి పొరవే. ఆ సున్నపురాయిని నీరు కరిగించి బెలుం దగ్గర 3 కిలోమీటర్లకు పైగా గుహలు తొలిచింది. చూడటానికి వచ్చేవాళ్లకు అది అద్భుతం, హైడ్రోజన్‌కు మాత్రం అన్నివైపులా తెరిచిన తలుపు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పరుచుకున్న షేల్, సున్నపురాయి మీద నల్లరేగడి, కేసీ కాలువ పొలాలు ఉన్నాయి. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు వెళ్తే ముడతలు పడ్డ ఇంకా పాత రాళ్లు, రక్షిత అడవి వస్తాయి. గట్టి క్వార్ట్జైట్‌లో ఉక్కు తొడుగు గుహ ఎప్పుడైనా సాధ్యపడవచ్చు. కాని ఇవాళ నంద్యాలకు హైడ్రోజన్ పాతర అక్కర్లేదని నా అభిప్రాయం.

లెక్క చూడండి. 100 యూనిట్ల కరెంటును హైడ్రోజన్‌గా మార్చి, దాచి, మళ్లీ కరెంటు చేస్తే చేతికి వచ్చేది 35 యూనిట్ల చిల్లర. నీటిని ఎత్తి దించితే 75 నుంచి 80 దాకా తిరిగి వస్తాయి. పగటి కరెంటును రాత్రికి దాచడానికి కొండ ఉన్నచోట హైడ్రోజన్ వాడటం దుబారా. హైడ్రోజన్ అక్కరకొచ్చేది కరెంటు నేరుగా చేయలేని పనులకు: ఎరువులు, ఉక్కు, ఓడల ఇంధనం. అందుకని దాన్ని అమ్మోనియాగా మార్చి దాచడం ఇప్పటికి తెలివైన దారి. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే ద్రవమవుతుంది. బరువులో 17 శాతానికి పైగా హైడ్రోజన్‌ను మోస్తుంది. దాన్ని నిల్వ చేయడం, ఓడల్లో పంపడం ఎరువుల పరిశ్రమకు దశాబ్దాలుగా తెలిసిన విద్య. కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నులు రావాలంటే రేయింబవళ్లు సగటున 1000 మెగావాట్లు ఆ ఎలక్ట్రోలైజర్లకు అందుతూనే ఉండాలి.

ఈ సరుకులో ఎక్కువ భాగం కోసం ఐరోపా కొనుగోలుదారులు ముందుకొచ్చారు. ఎగుమతి మంచిదే. కాని ఆళ్లగడ్డ రైతు మడిలో వేసే 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నైట్రోజన్ ఉంటుంది. దాని వెనక 11 కిలోల అమ్మోనియా, 2 కిలోల హైడ్రోజన్ ఉంటాయి. ఆ హైడ్రోజన్ ఇప్పుడు ఎక్కువగా విదేశీ సహజవాయువు నుంచి వస్తోంది. నీటిని చీల్చి తెచ్చుకుంటే సుమారు 100 యూనిట్ల కరెంటుతో సరిపోతుంది. యూరియాకైతే కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి కాబట్టి మార్పు కష్టం. డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులకు ఆ ఇబ్బంది లేదు. దిగుమతి అమ్మోనియాతో అలాంటి ఎరువులు చేసే కర్మాగారాలు కాకినాడలోనూ విశాఖలోనూ ఉన్నాయి. దేశంలోని 13 ఎరువుల కర్మాగారాలకు ఏటా 7.24 లక్షల టన్నుల హరిత అమ్మోనియా సరఫరా కోసం 2025లో కేంద్రం వేలాలు జరిపింది. దారి తెరుచుకున్నట్టే. పాణ్యం కొండలూ గోరకల్లు నీళ్లూ ఇందులో పాలుపంచుకుంటున్నాయి కాబట్టి, కాకినాడ అమ్మోనియాలో మొదటి వాటా మన ఎరువుల కర్మాగారాలకు దక్కేలా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందాల్లోనే రాయించాలి. కుందూ రైతు సంఘాలు ఆ మాట ఇప్పుడే అడగాలి.